సీయూఈటీ-పీజీ రాశారు సరే, హెచ్‌సీయూకు దరఖాస్తు చేశారా? పీజీ ప్రవేశాల్లో సీటు ఎక్కడ చేజారుతుంది?

సీయూఈటీ-పీజీ స్కోరు కార్డు వచ్చింది. 300కి 200 దాటాయి. ఇక కౌన్సెలింగ్ తేదీలు ఎప్పుడు ప్రకటిస్తారా అని రోజూ ఫోన్‌లో వెతుకుతున్నారు.

ఆ తేదీలు రావు. ఎందుకంటే సీయూఈటీ-పీజీకి ఉమ్మడి కౌన్సెలింగ్ అనేదే లేదు. ఏ విశ్వవిద్యాలయంలో చదవాలనుకుంటే ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌కు వెళ్లి విడిగా దరఖాస్తు పెట్టాలి, దానికి విడిగా రుసుము కట్టాలి. అది చేయకపోతే మీ స్కోరు ఎంతైనా మీ పేరు ఏ జాబితాలోనూ కనిపించదు. మంచి మార్కులు వచ్చి కూడా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ) సీటు పోగొట్టుకునేవాళ్లలో కొందరు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

తప్పు పూర్తిగా విద్యార్థులది అనలేం. మనకు ఎంసెట్ అలవాటు. పరీక్ష రాస్తాం, ర్యాంకు వస్తుంది, సర్టిఫికెట్లు చూపిస్తాం, వెబ్ ఆప్షన్లు పెడతాం, సీటు అలాట్‌మెంట్ మెసేజ్ వస్తుంది. తెలంగాణలో డిగ్రీలో చేరినప్పుడు 'దోస్త్' కూడా ఇదే పద్ధతిలో నడిచింది. ఇంటర్ తర్వాత అంతా ఒకే గుమ్మంలోంచి వెళ్లినవాళ్లు పీజీకీ అదే గుమ్మం ఉంటుందనుకుంటారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల వరకు అది నిజమే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల దగ్గరికి వచ్చేసరికి దారి మారిపోతుంది.

రాష్ట్రానిది ఒక దారి, కేంద్రానిది ఇంకో దారి

ఉస్మానియా, కాకతీయ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ వంటి కోర్సులకు సీపీగెట్ రాయాలి. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున దీన్ని ఉస్మానియా నిర్వహిస్తోంది. 2019కి ముందు ఉస్మానియాకు సొంత పరీక్ష ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర, నాగార్జున, శ్రీవేంకటేశ్వర తదితర విశ్వవిద్యాలయాలకు 2021 నుంచి ఉమ్మడిగా ఏపీ పీజీసెట్ జరుగుతోంది. రెండింటిలోనూ పరీక్ష, ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, అలాట్‌మెంట్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

హెచ్‌సీయూ పార్లమెంటు చట్టంతో 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. చాలాకాలం సొంత ప్రవేశ పరీక్ష పెట్టుకుంది. 2023 నుంచి పీజీ కోర్సులకు సీయూఈటీ-పీజీ స్కోరు తీసుకుంటోంది. అనంతపురంలోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా సీయూఈటీ గొడుగు కిందే ఉంది. ఈ పరీక్షను జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) నిర్వహిస్తుంది. అయితే స్కోరు ఇవ్వడంతో ఎన్‌టీఏ పని అయిపోతుంది. మెరిట్ జాబితా తయారు చేయడం, రిజర్వేషన్ అమలు చేయడం, సర్టిఫికెట్లు చూడడం, సీటు ఇవ్వడం అన్నీ ఆయా విశ్వవిద్యాలయాల పని.

అంటే మీరు హెచ్‌సీయూ, దిల్లీ విశ్వవిద్యాలయం, జేఎన్‌యూ మూడింటికీ పోటీ పడాలంటే పరీక్ష ఒకటే, దరఖాస్తులు మాత్రం నాలుగు: ఎన్‌టీఏకు ఒకటి, విశ్వవిద్యాలయాలకు మూడు. పది చోట్ల పది పరీక్షలు రాసే బాధ తప్పిన మాట వాస్తవం. పది చోట్ల రుసుము కట్టే బాధ మాత్రం తప్పలేదు.

జనవరిలో మేల్కోకపోతే జూన్‌లో పని లేదు

రెండో చిక్కు క్యాలెండర్‌తో. 2025నే చూడండి. సీయూఈటీ-పీజీ దరఖాస్తులు జనవరి 2న మొదలై ఫిబ్రవరి మొదటి వారం దాటగానే ముగిశాయి. పరీక్షలు మార్చి 13 నుంచి ఏప్రిల్ 1 వరకు జరిగాయి. ఫలితాలు మే 6న వచ్చాయి. అదే ఏడాది సీపీగెట్ జరిగింది ఆగస్టులో.

డిగ్రీ చివరి ఏడాది విద్యార్థి ఎలా ఆలోచిస్తాడు? ముందు ఆరో సెమిస్టర్ గట్టెక్కాలి, తర్వాత పీజీ సంగతి. సీపీగెట్‌కైతే ఆ లెక్క సరిపోతుంది. సీయూఈటీ-పీజీకి సరిపోదు. ఆరో సెమిస్టర్ పాఠాలు మొదలయ్యే రోజుల్లోనే దరఖాస్తు గడువు దాటిపోతుంది. డిగ్రీ పరీక్షలు రాసి, ఊపిరి పీల్చుకుని, మేలో 'హెచ్‌సీయూ అడ్మిషన్' అని వెతికేవాళ్లకు అప్పుడు కనిపించేది ఇప్పటికే పరీక్ష రాసినవాళ్ల కోసం తెరిచిన పోర్టల్. తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ జరుగుతాయి. కానీ డిసెంబరు రెండో వారం నుంచి ఎన్‌టీఏ వెబ్‌సైట్ చూస్తూ ఉంటే గడువు మిమ్మల్ని దాటి పోదు. చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు కూడా దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీ పూర్తయ్యాకే చేయాలన్న నియమం లేదు.

ఇక హెచ్‌సీయూలో అన్ని కోర్సులకూ సీయూఈటీయే అనుకుంటే అదీ పొరపాటే. ఎంబీఏకు క్యాట్ స్కోరు కావాలి. ఎంటెక్‌కు గేట్. ఎంసీఏకు నిమ్‌సెట్. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి గ్యాట్-బి. క్యాట్ దరఖాస్తు గడువు అంతకు ముందు ఏడాది సెప్టెంబరులోనే ముగుస్తుంది, పరీక్ష నవంబరులో జరుగుతుంది. ఈ జూన్‌లో డిగ్రీ పట్టా తీసుకుని 'హెచ్‌సీయూలో ఎంబీఏ చేద్దాం' అనుకునేవాళ్లు దాదాపు పది నెలల కిందటే దరఖాస్తు పెట్టి ఉండాల్సింది.

పేపర్ కోడ్ తప్పితే?

సీయూఈటీ-పీజీలో 150కి పైగా సబ్జెక్టు పేపర్లు ఉన్నాయి. ప్రతి పేపర్‌కూ ఒక కోడ్. సైన్స్ పేపర్లవి ఎస్‌సీక్యూపీతో, హ్యుమానిటీస్ పేపర్లవి హెచ్‌యూక్యూపీతో, భాషలవి ఎల్ఏక్యూపీతో మొదలవుతాయి. ఒక అభ్యర్థి నాలుగు పేపర్ల వరకు రాయవచ్చు. 2025లో జనరల్ కేటగిరీకి రెండు పేపర్ల వరకు రుసుము 1,400 రూపాయలు, ఆపైన ఒక్కో పేపర్‌కు 700.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఏ కోర్సుకు ఏ పేపర్ రాయాలో నిర్ణయించేది విశ్వవిద్యాలయం. ఒకే పేరున్న కోర్సుకు ఒక చోట సబ్జెక్టు పేపర్ అడగవచ్చు, మరోచోట ఉమ్మడి పేపర్ సరిపోవచ్చు. కోర్సు పేరు చూసి, దానికి దగ్గరగా వినిపించే పేపర్ ఎంచుకోవడం గుడ్డిలో రాయి వేయడమే. దరఖాస్తు నింపే ముందే మీరు అనుకుంటున్న రెండు మూడు విశ్వవిద్యాలయాల ప్రాస్పెక్టస్‌లు తెరిచి, కోర్సు పక్కన ఉన్న పేపర్ కోడ్ ఒక కాగితం మీద రాసుకోండి. దాని పక్కనే అర్హత వివరాలు కూడా. డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలా, కనీసం ఎంత శాతం మార్కులు కావాలి అన్నది కోర్సు కోర్సుకూ మారుతుంది. ఎన్‌టీఏ మీ అర్హతను పరీక్షకు ముందు తనిఖీ చేయదు. హాల్‌టికెట్ వచ్చింది కాబట్టి అర్హత ఉన్నట్టే అనుకుని, సర్టిఫికెట్ల పరిశీలన రోజున సమాధానం లేక నిలబడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

పరీక్ష తీరులోనూ తేడా ఉంది. 2025 సీయూఈటీ-పీజీలో 75 ప్రశ్నలు, 90 నిమిషాలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. సీపీగెట్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, కోత లేదు. కాబట్టి సీపీగెట్‌లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. సీయూఈటీలో? కోత ఉందని భయపడి చాలామంది సందేహం ఉన్న ప్రతిదీ వదిలేస్తారు. లెక్క వేయండి. ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా జవాబు పెడితే సగటున ఒకటి తగులుతుంది, 4 మార్కులు. మూడు తప్పుతాయి, 3 మార్కులు పోతాయి. అయినా ఒకటి మిగులుతుంది. నాలుగు ఆప్షన్లలో ఒకటో రెండో కచ్చితంగా కాదని తెలిస్తే లాభం ఇంకా ఎక్కువ. కోత ఉన్నా తెలివిగా ఊహించినవాడికి నష్టం లేదు.

అసలు నష్టం మరో చోట ఉంది. సీయూఈటీ-పీజీ ప్రశ్నపత్రాలు భాషా పేపర్ల వంటివి మినహాయిస్తే ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటాయి. తెలుగు సాహిత్యం పేపర్ తెలుగులో ఉంటుంది కానీ తెలుగు మాధ్యమంలో బీఏ చదివి చరిత్రలోనో రాజనీతి శాస్త్రంలోనో ఎంఏ చేయాలనుకునేవారికి ప్రశ్న తెలుగులో రాదు. కాన్పూర్ అభ్యర్థి తన మాతృభాషలో ప్రశ్న చదువుకుంటాడు, కరీంనగర్ అభ్యర్థి చదువుకోలేడు. తొమ్మిదో పదో నిమిషానికే ఈ తేడా తెలిసిపోతుంది. డిగ్రీకి సీయూఈటీ-యూజీ తెలుగు సహా 13 భాషల్లో జరుగుతున్నప్పుడు పీజీకి ఎందుకు జరగకూడదో అర్థం కాదు. అది మారేవరకు తెలుగు మాధ్యమం విద్యార్థులు చేయగలిగిన పని, సబ్జెక్టు పారిభాషిక పదాలను రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకుని చదవడం.

లోకల్ కోటా ఉందా?

లేదు. హైదరాబాద్‌లో ఉంది కాబట్టి తెలంగాణ వాళ్లకు ఎక్కువ సీట్లుంటాయని కొందరు, ఉమ్మడి రాష్ట్రంలో పెట్టారు కాబట్టి ఏపీ వాళ్లకూ వాటా ఉంటుందని కొందరు అనుకుంటారు. రెండూ కాదు. దేశంలో ఎక్కడివారైనా ఒకే పోటీ.

దీని వెనక ఆసక్తికరమైన సంగతి ఉంది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 32వ రాజ్యాంగ సవరణ చేశారు. ఆ ఒక్క సవరణతోనే రెండు అధికరణాలు పుట్టాయి. 371-డి వల్ల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు దక్కాయి. 371-ఇ వల్ల కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి స్థానిక నిబంధన పెట్టలేదు. ఒకే కాన్పులో పుట్టిన కవలల్లో ఒకరు స్థానికులకు, మరొకరు దేశానికి.

ఉస్మానియాకో ఆంధ్ర విశ్వవిద్యాలయానికో దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం స్థానికత చాలా ముఖ్యం. నాలుగు నుంచి ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడిగేది అందుకే. విభజన చట్టం 95వ సెక్షన్ పదేళ్ల పాటు కొనసాగించిన ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ తర్వాత స్థానికత విషయంలో నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి, ఆంధ్రలో చదివి తెలంగాణలో పీజీ చేయాలనుకునేవారు, అటు నుంచి ఇటు వెళ్లాలనుకునేవారు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో స్థానికత భాగాన్ని పూర్తిగా చదవాలి. నిరుటి సీనియర్ చెప్పింది ఈ ఏడాది చెల్లకపోవచ్చు.

బీసీ సర్టిఫికెట్ ఉంది, అయినా సీటు ఎందుకు పోయింది?

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే.

రాష్ట్రంలో మీరు బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపుల్లో ఒకదానిలో ఉంటారు. అయిదింటికీ కలిపి 29 శాతం. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ గ్రూపులు ఉండవు. అందరికీ కలిపి ఓబీసీ ఒకటే, 27 శాతం. దానికి రాష్ట్రం ఇచ్చే మామూలు బీసీ కుల ధ్రువీకరణ పత్రం పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మీసేవలో కుల ధ్రువీకరణకు, దీనికి వేర్వేరు దరఖాస్తులు ఉంటాయి. కౌంటర్‌లో 'బీసీ సర్టిఫికెట్' అని అడిగితే వాళ్లు ఇచ్చేది మొదటిదే.

అంతకన్నా ముందు చూడాల్సింది మరొకటి ఉంది. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రాష్ట్రంలో బీసీలుగా ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. అలాంటి వారికి రాష్ట్రంలో రిజర్వేషన్ వర్తిస్తుంది, హెచ్‌సీయూలో వర్తించదు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా కేంద్ర జాబితా ఉంది. తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి. మీ కులం పేరు, దాని పర్యాయ పేర్లు అందులో ఉన్నాయో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోండి. ఉంటే అది ఒక్క హైదరాబాద్‌లోనే కాదు, దిల్లీలోనైనా వారణాసిలోనైనా చెల్లుతుంది.

క్రీమీలేయర్ గురించి కూడా ఇళ్లలో చాలా గందరగోళం ఉంది. 'నాన్న జీతం ఏడాదికి 9 లక్షలు దాటింది, మాకు రాదు' అని ముందే వదిలేసుకునేవాళ్లు ఉన్నారు. పరిమితి 8 లక్షలు అన్న మాట నిజం, 2017 నుంచి అదే ఉంది. అయితే 1993 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఆ 8 లక్షల లెక్కలో జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో జీతం కన్నా హోదా ముఖ్యం. తల్లిదండ్రుల్లో ఒకరు గ్రూప్-ఏ స్థాయిలో నేరుగా నియమితులైతే పిల్లలు క్రీమీలేయర్. ఇద్దరూ గ్రూప్-బి స్థాయిలో నేరుగా చేరినవారైనా అంతే. గ్రూప్-సి స్థాయి ఉద్యోగి సీనియారిటీ వల్ల 9 లక్షల జీతం తీసుకుంటున్నా, ఆ ఒక్క కారణంతో పిల్లలు క్రీమీలేయర్‌లోకి వెళ్లరు. అద్దెలు, వ్యాపారం వంటి ఇతర ఆదాయం వరుసగా మూడేళ్లు పరిమితి దాటితే అది వేరే విషయం. తహసీల్దార్ కార్యాలయంలో మొత్తం జీతం చూసి దరఖాస్తు తిరస్కరిస్తే ఈ ఉత్తర్వు ప్రస్తావిస్తూ మళ్లీ రాతపూర్వకంగా అడగండి.

ఈడబ్ల్యూఎస్‌లో లెక్క తిరగబడుతుంది. ఇక్కడా పరిమితి 8 లక్షలే. కానీ జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలుపుతారు, అంతకు ముందు ఆర్థిక సంవత్సరానిది చూస్తారు. ఆదాయం తక్కువైనా కుటుంబానికి 5 ఎకరాలు లేదా అంతకు మించి సాగుభూమి ఉంటే కేంద్ర నిబంధనల ప్రకారం అర్హత లేదు. వెయ్యి చదరపు అడుగులు, ఆపైన ఉన్న ఫ్లాట్ ఉన్నా లేదు. నోటిఫై చేసిన మున్సిపాలిటీల్లో 100 చదరపు గజాలు, మిగతా చోట్ల 200 చదరపు గజాల ఇంటి స్థలం ఉన్నా అంతే. అనంతపురంలో నీళ్లు లేని ఆరెకరాల మెట్టభూమి ఉన్న కుటుంబానికి అర్హత పోతుంది, కోనసీమలో నాలుగెకరాల కొబ్బరితోట ఉన్నవారికి ఉంటుంది. నిబంధన రాసినవారు ఎకరాలు చూశారు, నేల చూడలేదు.

ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం. తెలంగాణ రాష్ట్ర సంస్థల్లో ఎస్టీలకు 10 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం ఉందన్నది గమనించండి. 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణ తెచ్చాయి. తెలంగాణలో 1, 9, 5 శాతాలుగా, ఆంధ్రలో 1, 6.5, 7.5 శాతాలుగా మూడు గ్రూపులు చేశాయి. అవి రాష్ట్ర సంస్థలకే. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎస్సీ కోటా మొత్తం ఒకటే.

సర్టిఫికెట్ తేదీ కూడా చూసుకోవాలి. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌లకు విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిన పత్రం అడుగుతాయి. జనవరిలో ఎన్‌టీఏ దరఖాస్తు కోసం తీసుకున్నది జూన్‌లో పాతబడిపోయి ఉంటుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే మళ్లీ దరఖాస్తు పెడితే జూన్ రద్దీ తప్పుతుంది. మరో జాగ్రత్త: ఎన్‌టీఏ దరఖాస్తులో ఒక కేటగిరీ, విశ్వవిద్యాలయం దరఖాస్తులో మరో కేటగిరీ పెట్టకండి.

'ఓసీ సీట్లు' అని ఏవీ లేవు

40 సీట్లున్న ఎంఏ కోర్సు తీసుకుందాం. ఎస్సీలకు 6, ఎస్టీలకు 3, ఓబీసీలకు దాదాపు 11, ఈడబ్ల్యూఎస్‌కు 4. మిగిలినవి 16. వీటిని చాలామంది ఓసీ కోటా అంటారు. అది తప్పు. అవి అందరివీ. మొదటి 16 మందిలో ముగ్గురు ఓబీసీ, ఒకరు ఎస్సీ ఉంటే వాళ్లు ఓపెన్ సీట్లలోనే చేరతారు, ఓబీసీ 11, ఎస్సీ 6 అలాగే ఉంటాయి. కాబట్టి రిజర్వేషన్ ఉన్న విద్యార్థి తన కేటగిరీ కటాఫ్ ఒక్కటే చూసుకోవాల్సిన పని లేదు. దివ్యాంగులకు 5 శాతం, అంటే ఈ కోర్సులో 2 సీట్లు ఉంటాయి. అవి విడిగా ఉండవు, పై కేటగిరీల లోపలే సర్దుతారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ఇలాగే లోపల సర్దే పద్ధతి ఉంది. హెచ్‌సీయూలో అది లేదు.

జాబితాలో పేరు వచ్చాక

మొదటి జాబితాలో పేరు లేకపోతే నిరాశపడి ఊరుకోకండి. ఒకే స్కోరుతో ఒకే విద్యార్థికి నాలుగైదు చోట్ల సీటు వస్తుంది, చేరేది ఒక చోటే. వదిలేసిన సీట్లు తర్వాతి జాబితాల్లో కిందికి దిగుతాయి. అయితే ప్రతి జాబితాకూ ఫీజు కట్టే గడువు చాలా తక్కువ ఉంటుంది. ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లిందనో, ఊళ్లో నెట్ లేదనో అంటే సీటు ఆగదు. నెట్ సెంటర్ వాళ్ల మెయిల్, ఫోన్ నంబర్ కాకుండా మీ సొంతవే ఇవ్వండి.

ఒక చోట కట్టేశాక మరో మంచి చోట వస్తే ఫీజు పోతుందా? 2024-25కి యూజీసీ ఇచ్చిన ఆదేశం ప్రకారం సెప్టెంబరు 30 లోపు రద్దు చేసుకున్నవారికి మొత్తం ఫీజు వెనక్కి ఇవ్వాలి. అక్టోబరు 31 వరకైతే గరిష్ఠంగా వెయ్యి రూపాయలు మినహాయించుకోవచ్చు. మీరు చేరే ఏడాదికి యూజీసీ ఏ తేదీలు చెప్పిందో చూసుకుని, రద్దు దరఖాస్తు ఈమెయిల్‌లో పంపండి. నోటిమాటకు తేదీ ఉండదు.

ఆరో సెమిస్టర్ ఫలితాలు రాకపోతే సాధారణంగా హామీపత్రం తీసుకుని తాత్కాలికంగా చేర్చుకుంటారు, మెమో ఇవ్వడానికి ఒక తేదీ పెడతారు. ఆ తేదీ దాటితే చేరిక రద్దవుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి రావడం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని ప్రైవేటు డిగ్రీ కాలేజీలు టీసీ, మెమోలు ఆపడం ఏటా వింటున్నదే. కాలేజీకి, ప్రభుత్వానికి మధ్య ఉన్న బాకీకి పూచీకత్తు విద్యార్థి సర్టిఫికెట్ కాకూడదు. కాలేజీలు ఒరిజినల్ పత్రాలు తమ దగ్గర పెట్టుకోరాదని, పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టం చేసింది. మొదట ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడిగి రసీదు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే ఆ ప్రతితో మీ డిగ్రీ విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కు, ఆపైన యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఈ పని సీటు వచ్చాక మొదలుపెడితే ఆలస్యం. ఆఖరి పరీక్ష రాసిన వారంలోనే టీసీకి దరఖాస్తు ఇవ్వడం మేలు.

పీహెచ్‌డీ సంగతి

పీజీ తర్వాత అటు వెళ్లాలనుకునేవారికి రెండు మార్పులు తెలిసి ఉండాలి. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలతో ఎంఫిల్ పోయింది. పీజీలో 55 శాతం ఉన్నవారితో పాటు, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు కూడా నేరుగా పీహెచ్‌డీకి అర్హులు. రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. మన రాష్ట్రాల్లో ఎక్కువమంది చదివేది మూడేళ్ల డిగ్రీ కాబట్టి వాళ్లకు పీజీ తప్పదు.

రెండోది 2024 జూన్ నుంచి మొదలైంది. నెట్ ఫలితాలను మూడు కేటగిరీలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్ వచ్చినవారు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కూ పీహెచ్‌డీకీ అర్హులైనవారు, పీహెచ్‌డీకి మాత్రమే అర్హులైనవారు. జేఆర్‌ఎఫ్ ఉన్నవారికి ఇంటర్వ్యూ ఉంటుంది. మిగతా రెండు కేటగిరీలకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. అందరూ నెట్ మీదే ఆధారపడడం లేదు. ఉస్మానియా 2025లోనూ సొంత ప్రవేశ పరీక్ష పెట్టింది. నెట్ దారిలో వెళ్లేవారికి ఒక షరతు ఉంది: రెండు, మూడు కేటగిరీల్లో వచ్చిన మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాది వరకే చెల్లుతాయి. ఆ ఏడాదిలో మీ సబ్జెక్టులో నోటిఫికేషన్ వచ్చి మీరు చేరకపోతే నెట్ మళ్లీ రాయాల్సిందే.